చౌక బేరం, ఖరీదైన అబద్ధం

సర్వలోకాలను సృష్టించి పోషిస్తున్న అల్లాహ్‌కే సకల స్తోత్రాలు. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వ సల్లం)పై, ఆయన కుటుంబీకులపై, సహచరులపై శాంతి శుభాలు కురియుగాక!

 

కొన్ని నెలల క్రితం పటాన్‌చెరులో జుమా నమాజు ముగిశాక ఒక యువకుడు నా పక్కన వచ్చి కూర్చున్నాడు. ఇంజనీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాడు. తండ్రి పాశమైలారంలో షిఫ్టు పని చేస్తాడు. జనమంతా వెళ్లేదాకా ఆగి, మెల్లగా నోరు విప్పాడు.

"మౌలానా సాబ్, ఒక మస్‌అలా అడగాలి. పండుగ సేల్‌లో ల్యాప్‌టాప్ మీద విద్యార్థులకు ఆరు వేలు తగ్గించారు. కాలేజీ గుర్తింపు కార్డు చూపితేనే ఆ ధర. మా మామూకి దుకాణం లెక్కల కోసం ఒకటి కావాలి. నా కార్డు పెట్టి ఆయనకు కొనిచ్చాను. 'నా చదువు కోసమే' అన్న చోట టిక్కు పెట్టాను. మామూ సంతోషించి రెండు వేలు నా చేతిలో పెట్టారు. మామూకి లాభం, నాకు లాభం. అంత పెద్ద కంపెనీకి ఆరు వేలు ఒక లెక్కా? ఇందులో ఎవరికి నష్టం?"

మాట పైకి వాదనలా ఉన్నా, అతను వాదించడానికి రాలేదు. ఆ రెండు వేలు అప్పటికి నెల రోజులుగా పుస్తకంలో దాచి ఉంచాడట. ఖర్చు పెట్టబుద్ధి కాలేదట. ఆ మాట విని నాకు సంతోషం కలిగింది. మనసులో గుచ్చుకునేది, నలుగురికీ తెలియడం ఇష్టం లేనిదే పాపం అని దైవప్రవక్త (సఅసం) గుర్తు చెప్పారు (ముస్లిం). గుచ్చుకుంటున్నదంటే ఆ హృదయం బతికి ఉందన్నమాట.

అయితే ఈ ప్రశ్న ఆ ఒక్క యువకుడిది కాదు. సంగారెడ్డి, కంది, రుద్రారం, ఇస్నాపూర్, రామచంద్రాపురం, ఎక్కడ చూసినా కాలేజీ పిల్లలున్న ప్రతి ఇంట్లోనూ ఇదే పరిస్థితి. ల్యాప్‌టాప్, ఫోను, పుస్తకాలు, ల్యాబ్ కోటు, కాలిక్యులేటరు, బూట్లు అన్నీ ఇప్పుడు ఫోను తెర మీదే కొంటున్నారు. ఎక్కడ ఎంత తగ్గిస్తున్నారో పిల్లలకే బాగా తెలుసు. పెద్దవాళ్లు డబ్బు ఇచ్చి ఊరుకుంటున్నారు. కాబట్టి ఈ కొనుగోళ్ల గురించి మన ధర్మం ఏమంటుందో ఇంటిల్లిపాదీ కలిసి తెలుసుకోవడం అవసరం.

బేరమాడటం తప్పు కాదు

మొట్టమొదట ఒక అపోహ తొలగించుకోవాలి. తక్కువ ధర కోసం వెతకడం పిసినారితనమూ కాదు, దైవభీతికి విరుద్ధమూ కాదు. దైవప్రవక్త (సఅసం) స్వయంగా బేరమాడారు. ఒక ప్రయాణంలో హజ్రత్ జాబిర్ బిన్ అబ్దుల్లాహ్ (రజి) గారి ఒంటె అలసిపోయి వెనకబడింది. దైవప్రవక్త (సఅసం) దాన్ని తనకు అమ్మమని అడిగారు. బేరం సాగింది, ధర కుదిరింది. మదీనా చేరాక ఆయన డబ్బు లెక్కకట్టి ఇప్పించారు, ఆపై ఒంటెను కూడా జాబిర్ గారికే ఇచ్చి పంపారు (బుఖారీ, ముస్లిం). బేరం బేరమే, ఔదార్యం ఔదార్యమే. ఆ రెండూ ఒకే మనిషిలో ఉండవచ్చని ఆయన ఆచరించి చూపారు.

అమ్మేటప్పుడు, కొనేటప్పుడు, రావలసింది అడిగేటప్పుడు మెత్తగా వ్యవహరించే మనిషిని అల్లాహ్ కరుణించాలని కూడా ఆయన ప్రార్థించారు (బుఖారీ). ఇక దివ్య ఖుర్ఆన్ ఫుర్ఖాన్ సూరాలో కరుణామయుని దాసుల లక్షణాలు చెబుతూ, వారు ఖర్చులో దుబారా చేయరు, లోభమూ చూపరు, నడిమి దారిన ఉంటారని వివరిస్తుంది. నెలకు వచ్చే జీతంలో ఇంటి అద్దె, బియ్యం, ఫీజు, మందులు చూసుకునే తండ్రికి వెయ్యి రూపాయలు మిగిలినా అది మేలే. ఆ వెయ్యి మిగల్చడానికి నాలుగు చోట్ల ధర పోల్చి చూసిన పిల్లవాడు ఆ ఇంటికి సేవ చేస్తున్నట్టే.

అమ్మేవాడు తన సరుకు ధర తాను తగ్గించుకోవచ్చు. అందరికీ తగ్గించవచ్చు, కొందరికే తగ్గించవచ్చు. విద్యార్థులకు మాత్రమే ఇస్తానన్నా అది అతని ఇష్టం. కాబట్టి విద్యార్థి తన కోసం, తన చదువు కోసం ఆ రాయితీ తీసుకోవడం నిస్సందేహంగా ధర్మసమ్మతం. కూపన్ వాడటం, సేల్ రోజు వచ్చేదాకా ఆగడం, ఇద్దరు ముగ్గురు స్నేహితులు కలిసి కొని రవాణా ఖర్చు పంచుకోవడం, ఇవన్నీ కూడా హలాలే.

మరి ఎక్కడ చెడుతున్నది?

'ఎవరికి నష్టం?'

పరస్పర అంగీకారంతో జరిగే వ్యాపారం తప్ప, ఒకరి సొత్తు ఒకరు అధర్మంగా తినవద్దని అన్‌నిసా సూరా ఆజ్ఞాపిస్తోంది. ఇక్కడ కీలకమైన మాట అంగీకారం. అమ్మేవాడు ఆరు వేలు తగ్గించడానికి అంగీకరించింది విద్యార్థికి. మామూ దుకాణానికి కాదు. అబద్ధం చెప్పి తీసుకున్న అంగీకారం అంగీకారం ఎలా అవుతుంది? కుదుర్చుకున్న షరతులకు ముస్లిములు కట్టుబడి ఉంటారని దైవప్రవక్త (సఅసం) ప్రవచించారు (తిర్మిజీ). 'చదివాను, ఒప్పుకుంటున్నాను' అని మనం వేలితో నొక్కే ఆ చిన్న గడి కూడా ఒక ఒడంబడికే. ఒడంబడికల గురించి ప్రశ్నించడం జరుగుతుందని బనీ ఇస్రాయీల్ సూరా హెచ్చరిస్తోంది.

కొలతల్లో మోసం అనగానే మనకు తరాజు పట్టిన వ్యాపారి గుర్తుకొస్తాడు. కానీ ముతఫ్ఫిఫీన్ సూరా మొదటి ఆయతులను శ్రద్ధగా చదవండి. అక్కడ వినాశం ఉందని చెప్పబడినవారికి రెండు ముఖాలున్నాయి: తాము తీసుకునేటప్పుడు పూర్తిగా రాబట్టుకుంటారు, ఇతరులకు ఇచ్చేటప్పుడు తగ్గిస్తారు. ఇది కౌంటరుకు ఆ పక్కనున్న మనిషికే కాదు, ఈ పక్కనున్న మనకు కూడా వర్తిస్తుంది.

దైవప్రవక్త (సఅసం) ఒకసారి బజారులో ధాన్యపు రాశిలోకి చెయ్యి పెట్టారు. వేళ్లకు తడి తగిలింది. వాన పడిందని వ్యాపారి చెప్పాడు. అయితే తడిసిన గింజలు జనానికి కనబడేలా పైన ఎందుకు పెట్టలేదని ఆయన నిలదీశారు. మోసం చేసేవాడు మా వాడు కాదన్నారు (ముస్లిం). వ్యాపారి తడి గింజలు దాస్తే మనకు కోపం వస్తుంది. మనం కొనుగోలుదారులుగా ఎన్ని తడి గింజలు దాస్తున్నామో చూసుకుందామా?

చదువు ముగిసి రెండేళ్లయినా పాత కాలేజీ ఈమెయిల్‌తో రాయితీ తీసుకోవడం ఒక తడి గింజ. 'మొదటి ఆర్డరుకు మాత్రమే' అన్న కూపన్ కోసం అమ్మీ నంబరు, అబ్బా నంబరు, చెల్లెలి నంబరు పెట్టి ఒక్కడే నాలుగు ఖాతాలు తెరవడం ఇంకొకటి. ఈద్‌కు షేర్వానీ తెప్పించి, ముడత పడకుండా తొడుక్కుని, మూడో రోజు 'సైజు సరిపోలేదు' అని తిప్పి పంపడం మరొకటి. పరీక్షకు కాలిక్యులేటరు తెప్పించి, పరీక్ష అయ్యాక 'పని చేయడం లేదు' అనడం కూడా ఆ రాశిలోదే.

సరుకు తిప్పి ఇచ్చే హక్కును ధర్మమే కొనుగోలుదారుకు ఇచ్చింది. కొనుగోళ్లలో తరచూ మోసపోతున్న ఒక సహాబీకి, బేరం చేసేటప్పుడే మోసం ఉండకూడదని షరతు పెట్టుకోమని దైవప్రవక్త (సఅసం) నేర్పారు (బుఖారీ). ఆ సహాబీకి మూడు రోజుల గడువు కూడా ఇచ్చారని మరికొన్ని ఉల్లేఖనాల్లో ఉంది. మదరసాలో మేము చదివిన హిదాయా గ్రంథంలో ఈ 'ఖియార్' మీద అధ్యాయాలే ఉన్నాయి. మోసపోకుండా మనిషిని కాపాడటానికే ఆ హక్కు వచ్చింది. దాన్ని మోసానికే వాడుకుంటే ఏమనాలి?

ఈ మధ్య విద్యార్థులకు ఇంకో సులువైన సంపాదన దొరికింది. ఒక వస్తువుకు ఐదు నక్షత్రాలు వేసి, 'చాలా బాగుంది' అని రాస్తే వందో రెండొందలో ఫోనుకు వస్తాయి. వస్తువును చూసింది లేదు, వాడింది లేదు. కొనే ఉద్దేశం లేకుండా ఇతరులను ఉసిగొల్పడానికి ధర పెంచి పాడటాన్ని 'నజష్' అంటారు. దైవప్రవక్త (సఅసం) దాన్ని నిషేధించారు (బుఖారీ, ముస్లిం). దొంగ సమీక్ష నేటి నజష్. పైగా అది అబద్ధపు సాక్ష్యం. ఎవరో ఒక పేద విద్యార్థి మీ నక్షత్రాలు నమ్మి తన స్కాలర్‌షిప్ డబ్బు పోసి ఆ నాసిరకం వస్తువు కొంటాడు. ఎవరికి నష్టమో ఇప్పుడు తెలిసింది కదా!

'పెద్ద కంపెనీ కదా' అన్న మాటకు హజ్రత్ జరీర్ బిన్ అబ్దుల్లాహ్ (రజి) గారి గుర్రమే జవాబు. ఆయన సేవకుడు మూడు వందల దిర్హములకు ఒక గుర్రాన్ని బేరం చేసి యజమానిని వెంటబెట్టుకు వచ్చాడు. యజమానికి ఆ ధర సమ్మతమే. జరీర్ గారు గుర్రాన్ని చూసి, ఇది అంతకంటే ఎక్కువ విలువ చేస్తుందని చెప్పి, నాలుగు వందలు, ఐదు వందలు అంటూ తానే పెంచుతూ చివరకు ఎనిమిది వందలకు కొన్నారు. ప్రతి ముస్లిం మేలు కోరతానని తాను దైవప్రవక్త (సఅసం) చేతిలో చెయ్యి వేసి ప్రమాణం చేశానని కారణం చెప్పారు. మనం అంత ఎత్తుకు ఎదగలేకపోవచ్చు. ధర పెంచమని ధర్మం మనల్ని బలవంతం చేయదు కూడా. కానీ ధర తగ్గించుకోవడానికి అబద్ధం ఆడకుండా ఉండటం అందరి వల్లా అవుతుంది.

మన బజారులోని దుకాణదారు విషయం కూడా మరచిపోకండి. ఆయన చేత పది పెట్టెలు విప్పించి, అరగంట అన్నీ అడిగి తెలుసుకుని, బయటికొచ్చి ఫోనులో ఆర్డరు పెట్టడం ఆయన శ్రమను వాడుకోవడమే. కొనే ఉద్దేశం ఉంటేనే విప్పించండి. 'చాచా, ఆన్‌లైన్‌లో ఇంతకు వస్తోంది, మీరు ఎంతకు ఇస్తారు?' అని సూటిగా అడగండి. అది న్యాయమైన బేరం. లేని ధర ఉందని చెప్పడం మాత్రం అబద్ధమే. అమ్మేవాడూ కొనేవాడూ నిజం చెప్పి లోపాలు దాచకపోతే వారి వ్యాపారంలో శుభం (బర్కత్) కలుగుతుంది, అబద్ధమాడి దాచిపెడితే ఆ శుభం తుడిచిపెట్టుకుపోతుంది అని హదీసులో ఉంది (బుఖారీ, ముస్లిం).

తొందర పెట్టేవాడి ముందు నిదానం

మన తప్పులు చూసుకున్నాం. ఇక అమ్మేవారు పన్నే వలలు కూడా తెలుసుకుందాం. ఎందుకంటే ఒకరి చేతిలో మోసపోకపోవడం కూడా విశ్వాసి వివేకమే.

'ఇంకా 9 నిమిషాలే', 'రెండే మిగిలాయి', 'ఇప్పుడే 40 మంది చూస్తున్నారు' అని తెర మీద గడియారం తిరుగుతుంటుంది. పిల్లల గుండె కొట్టుకుంటుంది. ఇలా లేని తొందర పుట్టించడాన్ని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న ఇచ్చిన మార్గదర్శకాల్లో అక్రమ పద్ధతిగా పేర్కొంది. అందులో మొత్తం 13 పద్ధతులున్నాయి. అడగకుండానే బీమానో విరాళమో బుట్టలో చేర్చడం, మొదట తక్కువ ధర చూపి చివరి పేజీలో ఖర్చులు ఒక్కొక్కటే కలపడం, చేరడం సులువు చేసి చందా మానుకోవడం కష్టం చేయడం వంటివి వాటిలో కొన్ని.

2014 అక్టోబరు 6న ఫ్లిప్‌కార్ట్ సంస్థ 'బిగ్ బిలియన్ డే' పేరుతో భారీ అమ్మకం జరిపింది. సైటు మొరాయించింది, సరుకులు చూస్తుండగానే అయిపోయాయి, ధరలు మారాయని జనం మండిపడ్డారు. మరునాడే సంస్థాపకులు సచిన్ బన్సల్, బిన్నీ బన్సల్ కొనుగోలుదారులకు లేఖ రాసి క్షమాపణ కోరారు. తప్పు ఒప్పుకోవడం మంచిదే. అయితే సేల్ అన్న మాట వినగానే ధర నిజంగా తగ్గిందని నమ్మకూడదన్న పాఠం మనకు మిగిలింది. 70 శాతం తగ్గింపు అని రాసినప్పుడు, అది ఏ ధర మీద తగ్గింపో చూడాలి. డబ్బా మీది గరిష్ఠ ధర 3,000 అని ముద్రించి, ఎప్పుడూ 1,000కే అమ్మే సంచిని 900కు ఇస్తే మిగిలింది నూరు రూపాయలే. అదే వస్తువు పోయిన నెల ఎంతకు అమ్మారో, ఇతర చోట్ల ఎంత ఉందో చూడండి.

నిదానం అల్లాహ్ వైపు నుంచి, తొందరపాటు షైతాన్ వైపు నుంచి అని హదీసు (తిర్మిజీ). నా సలహా ఇది: కావాలనిపించిన వస్తువును బుట్టలో పెట్టి, ఆ రాత్రి ఇషా నమాజు చేసుకుని పడుకోండి. మరునాడు ఫజ్ర్ తరువాత కూడా అది అవసరమే అనిపిస్తే అప్పుడు కొనండి. చాలా వస్తువులు తెల్లారేసరికి అవసరం జాబితాలోంచి వాటంతటవే తొలగిపోతాయి.

'వడ్డీ లేని వాయిదాలు' నిజమేనా?

ల్యాప్‌టాప్ ధర దగ్గర తండ్రి తటపటాయిస్తుంటే కొడుకు చూపే మందు 'నో కాస్ట్ ఈఎంఐ'. పేరులో ఖర్చు లేదు. లోపల ఏముంది?

చాలా సందర్భాల్లో జరిగేది ఇది. బ్యాంకు మనకు మామూలుగానే వడ్డీ మీద అప్పు ఇస్తుంది. ఆ వడ్డీకి సమానమైన మొత్తాన్ని అమ్మేవాడు ధరలో తగ్గించినట్టు చూపుతాడు. ఒప్పంద పత్రంలో వడ్డీ వడ్డీగానే ఉంటుంది. క్రెడిట్ కార్డు మీదైతే ఆ వడ్డీపై 18 శాతం జీఎస్టీ మన నెత్తినే పడుతుంది. వడ్డీ 2,000 అయితే పన్ను 360 రూపాయలు. ప్రాసెసింగ్ ఫీజు వేరు. ఒక్క వాయిదా తప్పితే జరిమానా, దాని మీద మళ్లీ వడ్డీ. సున్నా శాతం వడ్డీ అనేదే లేదని, వడ్డీని ఫీజుల రూపంలో దాచిపెడుతున్నారని రిజర్వు బ్యాంకే 2013 సెప్టెంబరులో బ్యాంకులను హెచ్చరించింది. ప్రాపంచిక సంస్థే ముసుగు తీసి చూపాక మనం ఇంకా కళ్లు మూసుకోవడం దేనికి? వ్యాపారాన్ని ధర్మసమ్మతం చేసి వడ్డీని నిషేధించిన అల్లాహ్ ముందు, పేరు మార్చినంత మాత్రాన వస్తువు స్వభావం మారదు.

అయితే దుకాణదారు స్వయంగా, మధ్యలో బ్యాంకు అప్పు లేకుండా, 'రొక్కమైతే 40,000, ఆరు వాయిదాలైతే 43,000' అని చెప్పి, బేరం కుదిరే సమయంలోనే ఒక ధర ఖాయం చేసుకుని, ఆలస్యమైతే అదనంగా వసూలు చేయనని ఒప్పుకుంటే అధిక సంఖ్యాక ఫిఖహ్ పండితుల దృష్టిలో అది సరైన వ్యాపారమే. తేడా గమనించండి. అది వస్తువు ధర, ఇది అప్పు మీద అదనం.

బ్యాంకు కార్డుపై వచ్చే తక్షణ తగ్గింపు గురించి కూడా చాలామంది అడుగుతుంటారు. ఆ తగ్గింపు అమ్మేవాడు ఇస్తున్నాడా, బ్యాంకు ఇస్తున్నదా, కార్డు డెబిట్‌దా, క్రెడిట్‌దా అన్నదాన్ని బట్టి ఉలమాలు వేరువేరుగా ఫత్వా ఇచ్చారు. మీ దగ్గరి నమ్మకమైన ముఫ్తీ గారికి వివరాలన్నీ చెప్పి అడగండి. అందరూ తీసుకుంటున్నారు కదా అన్నది మాత్రం జవాబు కాదు.

అప్పు బరువు నుంచి దైవప్రవక్త (సఅసం) తరచూ అల్లాహ్ శరణు వేడుకునేవారు. కారణం అడిగితే, అప్పులపాలైన మనిషి మాట్లాడితే అబద్ధమాడతాడు, మాట ఇస్తే తప్పుతాడు అన్నారు (బుఖారీ). పంతొమ్మిదేళ్ల కుర్రవాడికి ఫోనులో రెండు నిమిషాల్లో అప్పు దొరికే ఈ కాలంలో ఈ దుఆ ప్రతి ఇంట్లో నేర్పవలసినది.

ముందు ఒంటెను కట్టండి

మాకు తెలిసిన ఒక ఇంటి అమ్మాయి డిప్లొమాలో చేరింది. ఫోనులో వచ్చిన ప్రకటన చూసి, ఇరవై వేల ఫోను 4,999కే అని నమ్మి, ఆ రోజే డబ్బు కట్టేసింది. ఫోను రాలేదు. నంబరు పలకలేదు. అది పరీక్ష ఫీజు కోసం వాళ్లమ్మ కుట్టు పని చేసి కూడబెట్టిన డబ్బు. అమ్మాయి భయపడి వారం రోజులు ఇంట్లో చెప్పలేదు. ఆ వారం రోజుల మౌనమే ఎక్కువ నష్టం చేసింది.

ఒంటెను కట్టి అల్లాహ్‌పై భారం వేయాలా, వదిలేసి భారం వేయాలా అని ఒకరు అడిగితే, ముందు కట్టు, ఆపై భారం వేయి అని దైవప్రవక్త (సఅసం) బోధించారు (తిర్మిజీ). ఆన్‌లైన్ బజారులో ఒంటెను కట్టడం అంటే ఈ జాగ్రత్తలే. మెసేజ్‌లో వచ్చిన లింకు నొక్కకండి, సంస్థ చిరునామా మీరే టైపు చేయండి లేదా అసలు యాప్‌లోనే వెతకండి. కొత్త సైటైతే డబ్బు ముందు కట్టకండి, సరుకు చేతికి వచ్చాక చెల్లించే వీలుంటేనే చూడండి. మనకు డబ్బు రావడానికి యూపీఐ పిన్ కొట్టవలసిన పనిలేదు. 'రీఫండ్ కోసం పిన్ కొట్టండి, క్యూఆర్ స్కాన్ చేయండి' అన్నాడంటే వాడు దొంగే. ఓటీపీ ఎవరికీ చెప్పకండి. ఖరీదైన వస్తువు పెట్టె విప్పేటప్పుడు వీడియో తీసి ఉంచుకోండి.

అయినా మోసపోతే సిగ్గుపడి దాచకండి. వెంటనే సైబర్ నేరాల సహాయ నంబరు 1930కి ఫోను చేయండి. ఎంత త్వరగా చెబితే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ. సరుకు నాణ్యత, రీఫండ్ తగాదాలకు జాతీయ వినియోగదారుల సహాయ నంబరు 1915 ఉంది. తల్లిదండ్రులారా! మోసపోయి వచ్చిన పిల్లలను ముందు అక్కున చేర్చుకోండి, మందలింపు తరువాత చేయవచ్చు.

కొనకుండా దొరికేవి, తక్కువలో దొరికేవి

అన్నిటికంటే చౌకైనది కొనకుండా దొరికేది. కాలేజీ గ్రంథాలయంలో ఉన్న పుస్తకం కొనడం ఎందుకు? ఐఐటీలు, బెంగళూరులోని ఐఐఎస్‌సీ కలిసి 2003లో ప్రారంభించిన ఎన్‌పీటీఈఎల్ పాఠాలు, 2017లో మొదలైన స్వయం కోర్సులు ఉచితంగా చూడవచ్చు. పరీక్ష రాసి సర్టిఫికెట్ కావాలంటేనే ఫీజు. ఐఐటీ ఖరగ్‌పూర్ రూపొందించిన జాతీయ డిజిటల్ లైబ్రరీ 2018లో అందరికీ అందుబాటులోకి వచ్చింది. రాతకు, లెక్కల పట్టికలకు లిబ్రె ఆఫీస్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. దొంగ కాపీలు ఎక్కించుకుని ఒకరి శ్రమను అపహరించే అవసరమే లేదు.

పాత పుస్తకాలకు కోఠి ఉండనే ఉంది. పటాన్‌చెరులో 218 నంబరు బస్సెక్కితే నేరుగా అక్కడికే. ఆదివారమైతే ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద కూడా దొరుకుతాయి. కంప్యూటర్ల ధర పోల్చుకోవడానికి సికింద్రాబాద్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ ఒకసారి తిరిగి రండి. ఆన్‌లైన్ ధర ఎప్పుడూ తక్కువే అన్నది నిజం కాదని అక్కడ తెలుస్తుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి నోటు పుస్తకాలు, పెన్సిళ్లు, రబ్బర్లపై జీఎస్టీ తొలగించారు. కొనేటప్పుడు బిల్లు చూసుకోండి.

మసీదు కమిటీలకు ఒక విన్నపం. పై తరగతికి వెళ్లిన పిల్లల పుస్తకాలు, ల్యాబ్ కోట్లు, డ్రాయింగ్ సామగ్రి ఏడాదికోసారి మసీదులో సేకరించి కొత్తగా చేరేవారికి ఇవ్వవచ్చు. ఒక బీరువా, ఒక రిజిస్టరు చాలు. దానికి మించిన డిస్కౌంట్ ఏ కంపెనీ ఇవ్వదు. ఇచ్చినవారికి పుణ్యం, తీసుకున్నవారికి ఊరట.

ఆ డబ్బు ఎక్కడి నుంచి వచ్చింది?

హజ్రత్ ఉమర్ (రజి) ఒకసారి హజ్రత్ జాబిర్ (రజి) మాంసం తీసుకెళ్తుంటే చూసి, ఏమిటని అడిగారు. తినాలనిపించి కొన్నానని ఆయన చెప్పారు. అనిపించిందల్లా కొనేస్తావా అని ఉమర్ (రజి) హెచ్చరించారు. మాంసం నిషిద్ధం కాదు. మనసు అడిగిందల్లా ఇవ్వడం అలవాటైతే ఆ మనసు యజమాని అయిపోతుందన్నదే ఆయన భయం. 2,000 ఖరీదైన అక్కరలేని బూట్లు 1,200కు కొన్నవాడు 800 మిగుల్చుకోలేదు, 1,200 పోగొట్టుకున్నాడు.

ప్రియమైన విద్యార్థులారా! మీ అబ్బా రాత్రి షిఫ్టు ముగించుకుని తెల్లవారుజామున ఇల్లు చేరినప్పుడు ఒక్కసారి ఆయన చేతులు చూడండి. 2025 జూన్ 30న పాశమైలారంలోని ఔషధ కర్మాగారంలో జరిగిన పేలుడును ఈ ప్రాంతంలో ఎవరూ మరచిపోలేదు. ఆ ఉదయం డ్యూటీకి వెళ్లి తిరిగి రాని కార్మికులు పదుల సంఖ్యలో ఉన్నారు. ఈ పారిశ్రామికవాడలో రూపాయి అలా వస్తుంది. ప్రళయదినాన మనిషి తన సంపదను ఎలా సంపాదించాడో, దేనికి ఖర్చు చేశాడో జవాబు చెప్పనిదే అడుగు కదపలేడని హదీసులో ఉంది (తిర్మిజీ). సంపాదన గురించి మీ అబ్బా జవాబు చెప్పుకుంటాడు. ఆయన చెమటోడ్చి హలాల్‌గా తెచ్చిన డబ్బుకు మీరు ఖర్చులో అబద్ధం కలిపితే, ఆ జవాబు మీరే చెప్పుకోవాలి.

ఆ యువకుడికి చెప్పిన మాట

అతనికి నేను ఇలా చెప్పాను: "బేటా, ఆ కొనుగోలు చెల్లుతుంది, ల్యాప్‌టాప్ వాడటం హరాం అయిపోలేదు. కానీ నువ్వు చెప్పిన అబద్ధం పాపం, దానివల్ల తగ్గిన ఆరు వేలు ఒకరి హక్కు. ముందు తౌబా చెయ్యి. అమ్మినవారికి నిజం రాసి, తేడా కడతానని చెప్పు. తీసుకునే దారి వారి దగ్గర నిజంగా లేకపోతే, పుణ్యం ఆశించకుండా ఆ మొత్తాన్ని పేదలకు ఇచ్చెయ్యాలని పండితులు చెబుతారు. మామూకి కూడా మెల్లగా వివరించు."

మూడు వారాల తరువాత మళ్లీ కలిశాడు. కంపెనీకి రెండుసార్లు రాశాడట. ఆ తేడా తీసుకునే ఏర్పాటు తమ దగ్గర లేదని జవాబు వచ్చిందట. మామూ ఒప్పుకోలేదు, నవ్వి ఊరుకున్నారు, పైగా కొన్ని రోజులు ముభావంగా ఉన్నారు. పుస్తకంలో దాచిన రెండు వేలు పుస్తకాలు కొనుక్కోలేని ఒక ఇంటర్ విద్యార్థికి ఇచ్చేశాడు. మిగతా నాలుగు వేలు సెలవుల్లో పిల్లలకు ట్యూషన్ చెప్పి తీరుస్తానన్నాడు. "అబద్ధం ఆడింది నేను కదా మౌలానా సాబ్, మామూ కాదు" అన్నాడు.

'ఎవరికి నష్టం' అని అడిగిన నోటితోనే అతను జవాబు కూడా చెప్పాడు. ఆరు వేల నష్టం కంపెనీకి ఆనకపోవచ్చు. అబద్ధానికి అలవాటుపడిన నాలుక మాత్రం మన దగ్గరే ఉండిపోతుంది. రేపు అదే నాలుకతో నిఖా ఖుబూల్ చేయాలి, సాక్ష్యం చెప్పాలి, చివరి ఘడియలో కలిమా పలకాలి.

చౌకగా కొనండి, బేరమాడి కొనండి, వెతికి కొనండి. సత్యాన్ని మాత్రం ఏ ధరకూ అమ్మకండి.

ఓ అల్లాహ్! మా సంపాదనలో, మా ఖర్చులో శుభాన్ని ప్రసాదించు. మా పిల్లల చదువులను వారికీ, సమాజానికీ ప్రయోజనకరం చెయ్యి. అప్పుల భారం నుంచి, అబద్ధపు లాభం నుంచి మమ్మల్ని కాపాడు. నీవు హలాల్ చేసినదానితోనే మా అవసరాలు తీర్చు. ఆమీన్, యా రబ్బల్ ఆలమీన్!